భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా సరుకు బార్జీలు: గోదావరిని తవ్వి దారి చేయాలా?

రేవుగట్టు (అల్వాల్), ఆదివారం రాత్రి

మొన్న మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ అయ్యాక సెల్లారులోనే కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నీళ్ళ బిల్లు దగ్గర మొదలైన మాట గోదావరి దాకా వెళ్ళింది. ఎల్లంపల్లి నుంచి ఎత్తి తెచ్చే ఆ నీళ్ళే కదా మనం ఇక్కడ తాగేది. అప్పుడు పై అంతస్తు అన్నగారు, లారీల వ్యాపారం చేసే మనిషి, ఒక మాట అడిగారు. "వానాకాలమంతా నది పారి సముద్రంలో కలుస్తోంది. రోడ్డెక్కితే లారీ వెనక లారీ. జలమార్గమని 2008లోనే ప్రకటించారు. అడుగున ఇసుక తోడి బార్జీలు వదిలితే ఎవరికేం నష్టం?" అక్కడ నాకు సరైన జవాబు రాలేదు. రెండు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆయన చెప్పింది 4వ నంబరు జాతీయ జలమార్గం గురించి. ప్రకటించినప్పుడు మొత్తం 1,078 కిలోమీటర్లు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ. వాటికి తోడు నదులు: గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రి వరకు 171, కృష్ణలో వజీరాబాద్ నుంచి విజయవాడ వరకు 157. 2016 చట్టంతో దేశంలో జాతీయ జలమార్గాలు 111 అయ్యాయి, మనదాన్నీ ఇంకా పొడిగించారు. కృష్ణలో ముక్త్యాల–విజయవాడ ముక్కకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. నేను అడిగేది గోదావరి ముక్క గురించి.

నా అభిప్రాయం దాచుకోను. పడవ నడవడానికి నేను వ్యతిరేకిని కాను, పడవ మీద పెరిగినవాణ్ణి. మా అమ్మ పుట్టిల్లు రాజమండ్రికి పైన, గోదావరి గట్టు మీదే. పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కనిదే మాకు సెలవులు ఉండేవి కావు. నాకు భయమల్లా బార్జీ కోసం నది అడుగును మార్చడం గురించే.

పోయిన మార్చిలో మేనమామతో ఇసుక మేట మీదికి వెళ్ళాను. మధ్యాహ్నం, కాళ్ళు కాలిపోతున్నాయి. ఆయన ఒక్కసారిగా నా చెయ్యి పట్టి ఆపేశాడు. అడుగు ముందుకి వేసి ఉంటే తొక్కేసేవాణ్ణే. ఇసుకలో అరచేతి పాటి గుంట, అందులో రెండు గుడ్లు. ఇసుక రంగే, పైన గోధుమ చుక్కలు. గూడు లేదు, పుల్ల లేదు. తల మీద రెండు పిట్టలు అరుస్తూ మా నెత్తి దాకా దిగి వస్తున్నాయి, ముక్కు పసుపుగా, తల నల్లగా. మామయ్య వాటిని నది పిట్టలంటాడు, పుస్తకాల్లో రివర్ టెర్న్ అని ఉంటుంది. ఎండాకాలం నీరు తగ్గి మేటలు తేలితేనే వాటి సంసారం. బార్జీ దారి కోసం తవ్వేది ఎండాకాలమే, తవ్వేది ఆ మేటల్నే.

ఇక పులస సంగతి. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత చెప్పుకుంటాం గానీ, ఆ చేప మన దాకా ఎలా వస్తుందో ఎవరూ మాట్లాడరు. సముద్రంలో బతికే చేప. వానాకాలపు వరద ఎర్రనీరు దిగగానే ఆ వాసన పట్టుకుని, నది సముద్రంలో కలిసే మొగల్లోంచి నదిలోకి ఎక్కి, ఏటికి ఎదురీది, మంచినీళ్ళలో గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచే దాని దారికి అడ్డం ఉంది. గేట్లన్నీ ఎత్తేసిన వరద రోజుల్లో తప్ప పైకి రాలేదు. గంగలో 1975లో ఫరక్కా కట్టాక ఎగువన అదే చేప దాదాపు కనిపించకుండా పోయింది. పైకెళ్ళే దారి అక్కడే సగం మూసుకుంది. మిగిలిన సగంలో ఇంజన్లు, తవ్వుడు యంత్రాలు దింపాలా? చెప్పండి.


డీజిల్ లెక్క (అల్వాల్), ఆదివారం రాత్రి

ఆ పై అంతస్తు మనిషిని నేనే తమ్ముడూ. ఇక్కడా నువ్వే మొదలెట్టావు, మంచిదే. సెల్లారులో చెప్పలేకపోయినవి చెప్తాను.

లీటరు డీజిల్‌తో టన్ను సరుకును రోడ్డు మీద 24 కిలోమీటర్లు తీసుకెళ్ళగలం, రైలు మీద 85, నీటి మీద 105. నేను కట్టిన లెక్క కాదిది, జలమార్గాల శాఖ వాళ్ళు ఏళ్ళుగా చెప్తున్నదే. నెలకు నా డీజిల్ బిల్లు చూస్తే నీకు అర్థమవుతుంది. అది నా జేబు సంగతనుకో, వదిలేయ్. ఆ పొగ పీల్చేది ఎవరు? మేడ్చల్ రోడ్డు మీద రాత్రి పది తర్వాత నిలబడి చూడు.

ఇంకో మాట. పదిహేనేళ్ళలో నా దగ్గర పనిచేసిన ఇద్దరు డ్రైవర్లు రోడ్డు మీదే పోయారు. ఒకడు సూర్యాపేట దాటాక, తెల్లవారుజాము నిద్రలో. వాడి పెళ్ళికి నేనే దగ్గరుండి నడిపించాను. వాళ్ళావిడకు ఫోను చేయాల్సి వచ్చిందీ నేనే. పిట్ట గుడ్ల గురించి నువ్వు రాసింది చదివి నాకూ మనసు కదిలింది. కానీ లారీ తగ్గితే మనుషులు బతుకుతారు. అదీ ఈ లెక్కలో ఒక వైపు పెట్టాలి.

దేశంలో నీటి మీద నడిచే సరుకు 2013-14లో 1.8 కోట్ల టన్నులు. 2024-25కి 14.5 కోట్లు దాటింది. జర్మనీలో రైన్ నది మీద బార్జీలు నడవని రోజు లేదు, అక్కడ నది చచ్చిపోయిందా? పైగా పోలవరం నిండాక వెనక నీళ్ళు భద్రాచలం దాకా నిలుస్తాయి. అప్పుడు తవ్వాల్సిన అవసరమే ఉండదు. కింద రాజమండ్రి దగ్గర ఎలాగూ ధవళేశ్వరం బ్యారేజీ నీళ్ళు నిలిచే ఉంటాయి. ఇంక భయం దేనికి?


పాత ఈఈ (ఏఎస్ రావు నగర్), సోమవారం ఉదయం

నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి ఈఈగా, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా, దిగాను. కాలువలు, లాకులు (పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల కట్టడాలు) నా కళ్ళ ముందే మూలపడ్డాయి. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోకండి.

గోదావరిలో ఓడల ఆలోచన 2008లో పుట్టింది కాదు. కాటన్ దొర గోదావరిని మధ్య భారతం దాకా రవాణా దారిగా చేయాలని కలగన్నాడు. భద్రాచలానికి పైన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు ఆ పథకంలోవే. అక్కడి నుంచి పైన ఇంకా రాతి అడ్డాలున్నాయి, వాటినీ దాటించాలని ఏళ్ళ తరబడి డబ్బు పోశారు. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం వెళ్ళినవాళ్ళు ఆ లాకు గోడలు ఇప్పటికీ చూడొచ్చు. చెక్కిన రాయి, సున్నం, ఎంత అందంగా కట్టారో! ఎందుకు ఆగింది? ఖర్చు పెరిగింది, రైళ్ళు వచ్చాయి, అన్నిటికీ మించి నది ఒప్పుకోలేదు. ఆగస్టులో లక్షల క్యూసెక్కులు, ఏప్రిల్లో మోకాలి లోతు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. ఆ వరదకు నిలిచే రేవు, ఆ ఎండకు తేలే బార్జీ, రెండూ ఒకే డిజైనులో కుదర్చాలి. చేయలేమని అనను, ఇంజనీరుగా ఏదైనా చేయొచ్చు. ఆ కుదిర్చే ఖర్చు ఎవరు మోస్తారన్నదే నా ప్రశ్న.

అదే కాటన్ దొర కింద డెల్టాలో కాలువల మీద పడవలు నడిపించాడు, అవి వందేళ్ళ పైన నడిచాయి. వడ్లు, కొబ్బరికాయలు, బెల్లం, గడ్డి, పెళ్ళి బృందాలు, అన్నీ గూటిపడవల మీదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి లాకు సూపరింటెండెంటు, తలుపులు తిప్పే ఇనప చక్రానికి రోజూ నూనె రాసేవాడు. అప్పటికి ఆ లాకులోంచి పడవ దాటి ఏళ్ళయింది. "ఎప్పుడైనా వస్తే తిరగాలి గదండీ" అనేవాడు. నా మనసు ఎటుందో ఈపాటికి మీకు తెలిసిపోయింది. కాలువల్లో పడవ తిరిగి రావాలంటే నేను ముందుండి సంతకం పెడతాను. అయితే అక్కడా చిక్కులున్నాయి. ఏప్రిల్ నుంచి కాలువలు కట్టేస్తారు. తక్కువ ఎత్తు వంతెనలు అడ్డం, గుర్రపు డెక్క అడ్డం. గట్ల మీద ఇళ్ళు వేసుకున్న పేదవాళ్ళను ఎక్కడికి పంపుతారు?

డీజిల్ లెక్క గారి పోలవరం మాటకు వస్తాను. నిజం ఉంది అందులో. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లకు నిండితే మధ్య భాగంలో లోతుకు కొదవ ఉండదు. కానీ నిలిచిన నీటిలోకి నది దిగే చోట, అంటే జలాశయం తల దగ్గర, ఇసుకంతా అక్కడే దిగిపోతుంది. ప్రతి జలాశయంలోనూ జరిగేదే. కాబట్టి పై చివర తవ్వుడు తప్పదు. తవ్వింది వచ్చే వరదకు మళ్ళీ పూడుతుంది. బావి ఒకసారి తవ్వితే నీళ్ళు వస్తాయి, నది అడుగును మాత్రం ఏటా తవ్వాల్సిందే. ఇంకొకటి, మట్టం ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. వరదకు ముందు ఖాళీ చేస్తారు, దాళ్వాకు, అంటే రబీ వరికి, వదులుతారు. డెల్టాలో దాళ్వా పంటకు సీలేరు నుంచి వచ్చే నీటి కోసం మేం ఎంత ఎదురుచూసేవాళ్ళమో నాకు తెలుసు. ఆ రోజుల్లో బార్జీకి లోతు కావాలని రవాణా వాళ్ళు అడిగితే, చేనుకు నీళ్ళు కావాలని రైతు అడిగితే, ఇద్దరి మధ్య చేప తరఫున అడిగేవాడు ఎవడు?

రైన్ సంగతి కూడా. 19వ శతాబ్దంలో దాన్ని తిన్నగా కోశారు, ఆ తర్వాత వరుసగా అడ్డుకట్టలు కట్టారు. ఒకప్పుడు యూరప్‌లోనే పేరున్న సాల్మన్ 20వ శతాబ్దం నడిమికి అక్కడ లేకుండా పోయింది, మళ్ళీ తేవడానికి దశాబ్దాలుగా డబ్బు పోస్తూనే ఉన్నారు. అంత చేసినా 2018లోనూ 2022లోనూ ఎండలకు నీరు పడిపోతే బార్జీలు సగం సరుకు కూడా ఎత్తలేకపోయాయి. మంచు కరిగి నీళ్ళిచ్చే నది గతే అది. మనది వాన మీద బతికే నది.


మియాపూర్ నుంచి ఒకణ్ణి, సోమవారం మధ్యాహ్నం

చిన్న మాట. ప్రతి ప్రాజెక్టుకూ ఇలాగే అడ్డం చెప్తే పల్లెలకు పని ఎక్కడ నుంచి వస్తుంది? రేవులొస్తే గోడౌన్లొస్తాయి, హమాలీలకు పని దొరుకుతుంది. మా తమ్ముడు అశ్వారావుపేటలో ఖాళీగా ఉన్నాడు. ఆ మాట ఎవరూ ఎత్తడం లేదేంటి?


నీటిపిల్లి (తార్నాక), సోమవారం సాయంత్రం

నేను జీవశాస్త్రం చదువుతున్నాను, కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల్లో రెండు సీజన్లు పనిచేశాను. పేరు కూడా అక్కడి నీటిపిల్లి మీద ప్రేమతో పెట్టుకున్నదే. చేపలు పట్టుకుని తినే అడవి పిల్లి అది, పోటుకు మునిగే బురదలో తిరుగుతుంది.

ముందు డీజిల్ లెక్క అన్న ఇచ్చిన అంకెలే తీసుకుంటాను. రోడ్డు 24, రైలు 85, నీరు 105. రోడ్డు నుంచి రైలుకు మారితే వచ్చే లాభం మూడున్నర రెట్లు. రైలు నుంచి నీటికి మారితే అదనంగా వచ్చేది నాలుగో వంతు కన్నా తక్కువ. అంటే మీ డ్రైవరు ప్రాణం కాపాడే పెద్ద అడుగు రైలు దగ్గరే పడిపోతుంది. మణుగూరు, కొత్తగూడెం బొగ్గు ఇప్పటికే రైలెక్కుతోంది. ఆ మిగిలిన కాస్త లాభం కోసం నది అడుగును ఏటా తోడాలా అన్నదే నా ప్రశ్న. 14.5 కోట్ల టన్నుల్లో గుజరాత్, మహారాష్ట్ర, గోవా తీరాల్లో పోటు నీటి మీద నడిచేది కూడా కలిసే ఉందని గుర్తుంచుకోండి. ఆ లోతు సముద్రం ఇచ్చింది.

తోడితే ఏమవుతుందో కొంచెం చెప్పనివ్వండి. పైనుంచి చూస్తే నది ఒక్కటే గానీ, నీళ్ళ కింద ఊరంత తేడాలుంటాయి. మడుగులు, రాళ్ళ మీద గలగలా పారే చోట్లు, ఎండ తగిలే పలచటి అంచులు. వాలుగ లాంటి పెద్ద చేప ఎండాకాలం మడుగులో తలదాచుకుంటుంది. పిల్లలు అంచుల్లో పెరుగుతాయి. రెండు మూడు మీటర్ల లోతున ఒకే వెడల్పు దారి తీస్తే మెట్ట, పల్లం అన్నీ ఒకటైపోతాయి. లేచిన బురద కిందికి పోయి గుడ్ల మీద కూర్చుంటుంది, గుడ్డుకు ఊపిరి ఆడదు. బార్జీ వెళ్ళిన ప్రతిసారీ లేచే అల అంచుల్ని కడుగుతుంది. నది మధ్య లంకలు ఇప్పటికే కోసుకుపోతున్నాయి, ఆ రైతుల్ని అడగండి.

శబ్దం ఇంకో సంగతి. గోదావరిలో గంగా డాల్ఫిన్ లేదు గానీ, గంగలో జరిగేది మనకు పాఠమే. అక్కడ 1వ నంబరు జలమార్గంలో హల్దియా నుంచి వారణాసి దాకా 2.2 నుంచి 3 మీటర్ల లోతు ఉంచాలని ప్రపంచ బ్యాంకు అప్పుతో పని చేపట్టారు. ఆ డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేదు, చెవితోనే చూస్తుంది. టిక్ టిక్ మని శబ్దం పంపి, తిరిగొచ్చిన మోతతో చేపను కనుక్కుంటుంది. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు బోటు ఇంజను మోత ఆ కాస్త నీళ్ళంతా నిండిపోతుంది. అప్పుడది తన గొంతు మార్చుకుని, ఎక్కువ శక్తి ఖర్చు పెట్టి బతకాల్సి వస్తోందని 2019లో అచ్చయిన పరిశోధన చెప్పింది. సంతలో నిలబడి ఫోను మాట్లాడినట్టు, రోజంతా.

చైనాలో యాంగ్‌ట్జీ నది డాల్ఫిన్ బైజీ. 2006లో ఆరు వారాలు నది పొడుగునా వెతికితే ఒక్కటి కనపడలేదు. దాన్ని చంపింది ఓడలు మాత్రమే అని చెప్తే అబద్ధమవుతుంది. గాలాల తాళ్ళు, ఆనకట్టలు, మురికి, ఓడలు అన్నీ కలిశాయి. నేను భయపడేది ఆ కలవడం గురించే. గోదావరికి ఆనకట్ట ఉంది, ఇసుక తవ్వకం ఉంది, కాలుష్యం ఉంది. ఇప్పుడు నాలుగోది. చివరికి చైనా 2021 జనవరి నుంచి యాంగ్‌ట్జీలో పదేళ్ళు చేపల వేటే ఆపేసింది. లక్షల మంది జాలర్ల జీవనం అది.

ఇక కింద, నా కోరంగి. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1978లో ప్రకటించారు. మడ చెట్టు నిలబడేది నది తెచ్చి పోసిన ఒండ్రు మీద. పైన ప్రతి బ్యారేజీ దగ్గరా, ప్రతి ఇసుక రేవు దగ్గరా కొంత కొంత ఆగిపోతే డెల్టా చివరికి చేరేదెంత? ఉప్పాడ వెళ్ళి చూడండి, రోడ్డే సముద్రంలోకి పోతోంది. కృష్ణలో ఒండ్రు దాదాపు అంతా పైనే ఆగిపోతోంది. 1839 తుపానుకు కోరంగి రేవు పట్టణమే తుడిచిపెట్టుకుపోయింది. అలాంటిది మళ్ళీ వస్తే కాకినాడకు ముందు నిలబడేవి ఆ మడ చెట్లు, హోప్ ఐలాండ్ ఇసుకే.

మియాపూర్ అన్నా, మీ తమ్ముడి పని మాట చిన్నదేం కాదు. యానాంలో చీరమీను కాలంలో చూడండి. పోటు పాటుల మధ్య కంటికి ఆనని చేప పిల్లలు దండుగా వస్తాయి. పాత చీర పరిచి ఎత్తుతారు, గ్లాసులతో కొలిచి అమ్ముతారు. ఆడవాళ్ళ చేతికి నేరుగా డబ్బొచ్చే పని. రేవు వస్తే ఎంతమందికి పని వస్తుందో లెక్క కట్టేటప్పుడు ఈ పనిని మాత్రం ఎవరూ లెక్కలో వేయరు.


కొత్త ఇల్లు (నల్లగండ్ల), సోమవారం రాత్రి

నీటిపిల్లి గారు ఇసుక మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. ఆర్నెల్లుగా ఇల్లు కడుతున్నాం. తెల్లవారుజామున గోదావరి ఇసుక లారీ వచ్చి పోసి వెళ్తుంది, ఇంకా నీళ్ళు కారుతూనే ఉంటుంది. ప్లాస్టరింగుకు జల్లెడ పడితే పైన మిగిలేవి చిన్న చిన్న గుల్లలు, ఆల్చిప్పలు. మా పాప వాటిని కడిగి బాల్కనీలో సీసాలో దాచుకుంటోంది. ఒకరోజు అడిగింది, "ఇవి బతికున్నప్పుడు ఎక్కడుండేవి నాన్నా?" అని. మన ఇంటి గోడలో అని చెప్పలేకపోయాను.

జలమార్గం కోసం తోడిన ఇసుక మళ్ళీ మన నగరానికే వస్తుంది. దాంతో తవ్వడానికి ఇంకో కారణం తయారవుతుందని నా అనుమానం. దారి కోసం తవ్వుతున్నారో, ఇసుక కోసం తవ్వుతున్నారో ఎవరు తేలుస్తారు? నా వంతు నేను మిగతా పనికి రాతి ఇసుక వాడమని మేస్త్రీతో చెప్పాను. కొంచెం గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు.


మణుగూరు బిడ్డ (గచ్చిబౌలి), మంగళవారం ఉదయం

అందరూ చేప, ఇసుక, డీజిల్ అంటున్నరు. నేను మనుషుల గురించి చెప్త. మా అమ్మమ్మ ఊరు గోదావరి ఒడ్డున్నే. అవతలి గట్టు మీద కోయోళ్ళు, ఇంకా కిందికి పోతే పాపికొండల్ల కొండరెడ్లు ఉంటరు. వాళ్ళల్ల చాలా ఊర్లకు ఇప్పటికీ పడవే బస్సు, పడవే అంబులెన్సు. నా చిన్నప్పుడు మా పెద్దమ్మకు నొప్పులొస్తె నాటుపడవల వేసి ఇవతలికి తెచ్చిండ్రు. రాత్రి, వాన, ఏరు నిండుగ ఉన్నది. గెడ వేసేటాయన ఒక్క మాట మాట్లాడలే, నీళ్ళనే చూసుకుంట నడిపిండు. పాప పడవల్నే పుట్టింది. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నది.

అందుకే నదిల పడవ వద్దంటె నేను ఊరుకోను. కానీ మాకు కావాల్సిన పడవ వేరు, మీరనే బార్జీ వేరు. మాకు కావాల్సింది లైఫ్ జాకెట్లున్న చిన్న లాంచీ, ఎండాకాలం కూడ దిగటానికి మెట్లు, వరద రోజున పోవద్దు అని చెప్పే మనిషి. 2019 సెప్టెంబరుల కచ్చులూరు కాడ టూరిస్టు బోటు మునిగిన సంగతి అందరికీ యాదికున్నదే. అక్టోబరుల గాని ఆ బోటును బయటికి తియ్యలేకపోయిండ్రు. కొండల నడుమ నది సన్నగయ్యి సుడి తిరిగే చోటు అది. అక్కడ వెయ్యి టన్నుల బార్జీకి ఇంజను ఆగిపోతె కిందున్న నాటుపడవల గతి ఏంది?

డీజిల్ లెక్క అన్నా, 2024 సెప్టెంబరు వరదల విజయవాడల ఇనుప బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు తగిలినయి, కౌంటర్‌వెయిట్లు (గేట్లకు ఉండే బరువు దిమ్మెలు) పలిగినయి. కట్టేసిన బోట్లే అట్ల చేసినయి. ఈ మాట కూడ మీ లెక్కల వెయ్యాలె.


నిజాంపేట వాసి, మంగళవారం మధ్యాహ్నం

నీటిపిల్లి గారూ, రైలు 85 అని తేలిగ్గా అనేశారు. ఇప్పుడున్న లైన్లు నిండిపోయాయి. కొత్త లైను వేయాలంటే భూమి కావాలి, అడవి కొట్టాలి, ఏనుగో పులో దాటే దారికి అడ్డం పడాలి. నది అడుగును తాకితే పాపం, అడవిని కోస్తే పుణ్యమా? ఒక ప్రాణిని కాపాడబోయి ఇంకోదాని మీదికి భారం తోస్తున్నాం. ఆ సంగతి ఒప్పుకుని మాట్లాడండి.


నీటిపిల్లి (తార్నాక), మంగళవారం మధ్యాహ్నం

ఒప్పుకుంటాను. రైలు ఉచితంగా రాదు. ఉన్న లైను పక్కన ఇంకో లైను వేయడం వేరు, కొత్తగా అడవి చీల్చడం వేరు. మొదటిదానికి నేను ఒప్పుకుంటాను, రెండోదానికి ఒప్పుకోను. సముద్రం ఒడ్డున ఉన్న రాష్ట్రానికి విశాఖ నుంచి చెన్నై దాకా తీరం వెంట ఓడ ఉండనే ఉంది. లోతు తవ్వకుండానే ఉన్న నీళ్ళను ముందు వాడుకుందాం.


డీజిల్ లెక్క (అల్వాల్), మంగళవారం రాత్రి

పొద్దున్నుంచి రెండుసార్లు చదివాను. రైలు, నీరు తేడా సంగతి ఎప్పుడూ ఆ కోణంలో చూడలేదు. అది తీసిపారేసే మాట కాదు. బ్యారేజీ గేట్ల మాటా సరే.

కానీ అమ్మా, అందరూ ఒక్కటి గమనించండి. వద్దు అనడం తేలిక. రోడ్డు మీద చచ్చేవాడు రేపూ చస్తాడు. మీరు చెప్పే రైలు సైడింగు (సరుకెక్కించే పక్క లైను) నా సరుకు దగ్గరికి ఎప్పుడొస్తుంది? చిన్న వ్యాపారికి వ్యాగను దొరుకుతుందా? నేను మూడుసార్లు తిరిగి తిరిగి వదిలేశాను. కాబట్టి జలమార్గం వద్దనేవాళ్ళు నాకు ఒక వాయిదా చెప్పాలి. పాత ఈఈ గారూ, మీరు పెద్దవారు. గోదావరిలో అసలు ఎంత వరకు చేస్తే మీకు అభ్యంతరం లేదు? గీత ఎక్కడ గీస్తారు?


పాత ఈఈ (ఏఎస్ రావు నగర్), బుధవారం ఉదయం

గీత అడిగారు, గీస్తాను. పనికి రాకపోతే కొట్టేయండి.

ఉన్న లోతుకు పడవను చెక్కండి, పడవకు నదిని చెక్కొద్దు. తక్కువ నీటిలో తేలే చదును అడుగు బోట్లు జూలై నుంచి జనవరి దాకా నడపండి, తర్వాత ఆపేయండి. కాటన్ కాలంలోనూ పైన నడిచింది వరద కాలం పడవలే. ఎర్రనీరు దిగిన మొదటి వారాల్లో, పులస ఎక్కేటప్పుడు, ధవళేశ్వరం కింద ఇంజన్లు వద్దు. మేటలు తేలిన మార్చి నుంచి మే దాకా యంత్రం దిగకూడదు. ఏ తవ్వకమైనా సరే, ముందు ఒక వరద, ఒక ఎండ, మళ్ళీ ఒక వరద దాకా కొలతలు తీసి, వాటిని తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. నా ఉద్యోగంలో వందల రిపోర్టులు చూశాను, గట్టు మీద రైతుకు చదివి వినిపించింది ఒక్కటీ లేదు. అందులో నా సంతకం ఉన్నవీ ఉన్నాయి. ఆ సంగతి చెప్పకుండా ఈ మాట అనడం న్యాయం కాదు.

మనం కొలవకుండా కట్టినదానికి ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. 2019లో ప్రారంభోత్సవం జరిగిన కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) 2023 అక్టోబరులో కుంగాయి. ఇసుక మీద కట్టేటప్పుడు ఆ ఇసుక కింద నీరు ఎటు పోతుందో నదే చెప్తుంది, వినే ఓపిక మనకుండాలి. పోలవరం స్పిల్‌వేలో (వరద నీరు వదిలే గేట్ల కట్టడంలో) చేపలు ఎక్కడానికి మెట్లు పెట్టారు, దానికి సంతోషమే. పులస ఆ మెట్లు నిజంగా ఎక్కుతోందా అన్నది ఏటా లెక్కపెట్టి ఊరికి చెప్పమని అడుగుదాం. ఎక్కకపోతే మార్చమందాం.

రైలు సైడింగుకు వాయిదా నేను చెప్పలేనండీ డీజిల్ లెక్క గారూ. ఆ బాధ నిజం. ఆ అర్జీ రాసేటప్పుడు మాత్రం నేను మీ పక్కన కూర్చుంటాను.


మణుగూరు బిడ్డ (గచ్చిబౌలి), బుధవారం మధ్యాహ్నం

సార్, గ్రామసభల చదివేటప్పుడు కోయ భాషల కూడ చదవమని రాయండి. మా దిక్కు ముసలోళ్ళకు మీ కాగితం తెలుగు సగమే అర్థమైతది.


రేవుగట్టు (అల్వాల్), గురువారం రాత్రి

ఈఈ గారి గీత దగ్గర నేను ఆగుతాను, ఒక్కదానికి తప్ప. జూలై నుంచి జనవరి అన్నారు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు పులసవే. ధవళేశ్వరం కిందనే కాదు, గేట్లు ఎత్తాక అది పైకి కూడా వస్తుంది. ఆ మూడు నెలలు పైనా కిందా సరుకు బోటు వద్దంటాను. అక్టోబరు నుంచి జనవరి అయితే నాకు పేచీ లేదు. ఆ నాలుగు నెలలకు ఎవరూ వ్యాపారం పెట్టరని డీజిల్ లెక్క అన్న లిఫ్టులో అన్నారు. పెట్టకపోతే పెట్టకపోనీ అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఐదో అంతస్తు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

రాత్రి మామయ్యకు ఫోను చేసి, ఇప్పుడు నదిలో దారి ఎంత లోతుంది అని అడిగాను. పొద్దున గెడతో చూసి చెప్తానన్నాడు. ఇవాళ చేశాడు. పెద్ద పాయలో నడుము లోతు, మేట పక్కన పాయలో పిక్కల దాకానే. గెడ మీద నీటి గీత దగ్గర బ్లేడుతో గాటు పెట్టి ఉంచాడట, "నీ ఓడలాయన్ని రమ్మను, చూపిస్తాను" అన్నాడు. మేట మీద ఈ ఏడు కూడా గుడ్లున్నాయట, పోయిన ఏడు ఉన్న చోటికి వంద అడుగులు పైన. చుట్టూ నాలుగు కర్రలు పాతి, పశువులు తొక్కకుండా తాడు కట్టాడు.

అన్నకు ఈ మాట చెప్పాను. శనివారం తెల్లవారుజామున ఆయన కారులోనే బయల్దేరుతున్నాం. ఇంకో రెండు సీట్లున్నాయి. ఎవరైనా వస్తే రేపు సాయంత్రంలోగా చెప్పండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, ఇసుక కాలుతుంది.